ముక్కును మోసగించే వాయువు

పిల్లలూ! భద్రాచలంలో రామదాసు కట్టించిన గుడిని గురించి మీరందరూ వినే ఉంటారు. మీలో కొందరు చూసి కూడా ఉంటారు. ఈ నెల మనం ఆ గుడికి పోవటం లేదు. గోదావరికి ఇవతలి ఒడ్డున ఆగి, బూర్గంపాడు సీమను చూసి వద్దాం. అక్కడ ఒక వింత వాయువు కథ ఉన్నది. ఆ కథ తెలిసినవాళ్ళు తమ ప్రాణమే గాక ఇంకొకరి ప్రాణం కూడా కాపాడగలుగుతారు.

కొత్తగూడెంలో రైలు దిగి బస్సెక్కండి. పాల్వంచ దాటిన తరువాత అడవి మొదలవుతుంది. వేసవిలో వెళితే కోయగూడేలలో తునికాకు కట్టలు వరసలుగా ఎండుతూ కనిపిస్తాయి. ఇప్పచెట్లు పూచే రోజులలో అయితే తెల్లవారకముందే ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని పూలు ఏరుతూ ఉంటారు. ఈ అడవులలో పుట్టిన కిన్నెరసాని వాగు బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1965లో వంతెన వచ్చేదాకా, యాత్రికులు ఈ ఒడ్డున దిగి పడవలమీద భద్రాచలం చేరేవారు. అప్పుడిది ఖమ్మం జిల్లాలోది. 2014లో ఈ మండలంలోని కొన్ని ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. మిగిలిన భాగం 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది.

ఇక ఏటికి ఎదురుగా, సారపాక మీదుగా అశ్వాపురం రోడ్డున పోదాం. కొంతదూరం పోయేసరికి చెట్లపైన ఎత్తయిన ఉక్కుగోపురాలు కనిపిస్తాయి. అవి ఏ దేవుడి గోపురాలూ కావు! అది మణుగూరు భారజల కర్మాగారం. ఇక్కడివాళ్ళు ‘హెవీ వాటర్ ప్లాంటు’ అంటారు. అది 1991 నుంచి పనిచేస్తున్నది. మనబోటి వాళ్ళను ఊరికే లోపలికి రానివ్వరు. అందుచేత రోడ్డు పక్కనే నిలబడి, లోపల ఏం జరుగుతుందో చెప్పుకుందాం.

భారజలం అంటే ఏమిటి? నీటిలో ఉదజని, ప్రాణవాయువు ఉంటాయని మీరు చదువుకున్నారు. ఉదజనినే హైడ్రోజన్ అంటారు. హైడ్రోజన్ పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. సుమారు 7,000 పరమాణువులలో ఒకటి, తక్కినవాటికి రెట్టింపు బరువు ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. 1931లో అమెరికాలో హెరాల్డ్ యూరీ అనే శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టి, 1934లో నోబెల్ బహుమతి పొందాడు. ఆ బరువైన హైడ్రోజన్‌తో ఏర్పడిన నీరే భారజలం. మన దేశంలో కైగా, కాక్రపార్ వంటి చోట్ల అణువిద్యుత్తు తయారుచేయటానికి అది కావాలి.

గోదావరి నీటిలోనుంచి ఆ బరువైన పరమాణువులను ఏరటం ఎలాగ? బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చేత్తో ఏరలేము గదా! దానికి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువును వాడతారు. ఎత్తయిన గోపురాలలో పైనుంచి నీరు కిందికి దిగుతూ ఉంటే, కిందినుంచి ఈ వాయువు పైకి పోతూ ఉంటుంది. సుమారు 30 డిగ్రీల చల్లని గోపురంలో డ్యుటీరియం వాయువును వదలి నీటిలో చేరుతుంది. 130 డిగ్రీల వేడి గోపురంలో నీటిని వదలి వాయువులో చేరుతుంది. ఇలా గోపురం తరువాత గోపురంలో తిప్పగా తిప్పగా, భారజలం పాలు ఎక్కువవుతూ వస్తుంది.

ఇంత ఉపకారం చేసే ఈ హైడ్రోజన్ సల్ఫైడ్ మహా విషం!

దీని వాసన మీకు తెలిసినదే. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక్క పాలు కలిసినా ముక్కు పసిగడుతుంది. ‘అయితే ఇంకేం? వాసన రాగానే పారిపోవచ్చును!’ అని మీరు అనుకోవచ్చు. అక్కడే ఉన్నది మోసం. 10 పాళ్ళు దాటితే కార్మికులు అందులో ఉండి పనిచేయరాదు. సుమారు 100 పాళ్ళకు వచ్చేసరికి, కొద్ది నిమిషాలలోనే ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది. వాయువు పోలేదు, ముక్కు పనిచేయటం మానేసింది. ‘అమ్మయ్య, వాసన తగ్గింది’ అని మనిషి అక్కడే నిలబడతాడు. 700, 1,000 పాళ్ళు అయితే ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పి పడిపోతాడు. ఈ వాయువు గాలికన్న కొంచెం బరువు. అందుచేత గుంటలలో, గోతులలో, పల్లపు చోట్ల పేరుకుని ఉంటుంది.

దీని పేరు తెలియకముందే దీని పనులు గమనించిన వైద్యుడొకడు ఇటలీలో ఉండేవాడు. ఆయన పేరు బెర్నార్డినో రామజ్జినీ. ఒకనాడు ఆయన ఇంట్లో మరుగుదొడ్డి గొయ్యి శుభ్రం చేయటానికి పనివాడు వచ్చాడు. వాడు ఒగరుస్తూ, తొందర తొందరగా పనిచేయటం చూసి, ‘ఎందుకు నాయనా అంత తొందర?’ అని వైద్యుడు అడిగాడు. ‘ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్ళు పోతాయి బాబూ!’ అన్నాడు పనివాడు. వాడి కళ్ళు ఎర్రబడి, చూపు మసకగా ఉన్నది. అటువంటి పనివాళ్ళ జేబులలోని వెండి నాణాలు నల్లబడటం కూడా రామజ్జినీ గమనించాడు. 1700లో ఆయన పనివాళ్ళ జబ్బులను గురించి ఒక పుస్తకం రాశాడు. రోగిని ‘నీవు చేసే పని ఏమిటి?’ అని తప్పక అడగాలని వైద్యులకు నేర్పినవాడు ఆయనే.

వెండి ఎందుకు నల్లబడిందో మీ ఇంట్లోనే చూడవచ్చు. అమ్మను అడిగి ఒక చిన్న వెండి వస్తువు తీసుకోండి. బాగా ఉడికించిన కోడిగుడ్డును రెండు ముక్కలు చేసి, దానితోపాటు ఒక డబ్బాలో పెట్టి మూత వేయండి. మర్నాటికి వెండి నల్లబడుతుంది. గుడ్డులోనుంచి వచ్చేదీ ఆ వాయువే. కాని అది బహు స్వల్పం గనుక భయం లేదు. విభూదితో తోమితే వెండి మళ్ళీ మెరుస్తుంది. అమ్మ కోప్పడదు! గుడ్డును మాత్రం తినకుండా పారవేయండి.

ఇక ఈ వాయువుతో పనిచేసేవాళ్ళు తమను తాము ఎలా కాపాడుకుంటారో చూద్దాం. వాళ్ళు ముక్కును నమ్మరు, యంత్రాన్ని నమ్ముతారు. ఛాతీ దగ్గర అగ్గిపెట్టెకన్న కొంచెం పెద్ద పరికరం ఒకటి తగిలించుకుంటారు. గాలిలో వాయువు 10 పాళ్ళకు చేరగానే అది కూత పెడుతుంది. ఎత్తయిన స్తంభాలమీద గుడ్డ గొట్టాలు ఎగురుతూ, గాలి ఎటు వీస్తున్నదో చూపుతూ ఉంటాయి. కూత వినగానే కార్మికుడు మొట్టమొదట ఆ గొట్టం వైపు చూస్తాడు. వాయువు పుట్టినచోటికి అడ్డంగా పక్కకు తప్పుకుని, గాలి వచ్చే వైపుకు, మెరకమీదికి పోతాడు. అపాయం ఉన్నచోటికి ఎవరూ ఒంటరిగా పోరు. ఒకడు పనిచేస్తుంటే రెండవవాడు కనిపెట్టుకుని ఉంటాడు. ఇద్దరి వీపులమీదా మంచి గాలి నింపిన సిలిండర్లు ఉంటాయి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలదు. అది ఈ వాయువును ఆపలేదు.

ఈ జాగ్రత్తలన్నీ మన గోదావరి ఒడ్డుకు ఎక్కడినుంచి వచ్చినవి? చాలావరకు చమురు బావులనుంచే. భూమి లోపలి చమురులోనూ, సహజవాయువులోనూ కొన్నిచోట్ల గంధకం కలిసి ఉంటుంది. అక్కడ బావి తవ్వినవాళ్ళకు ఈ విష వాయువు ఎదురవుతుంది. అబూధాబిలో షా అనేచోట భూమిలోనుంచి వచ్చే వాయువులో ఇంచుమించు నాలుగవ వంతు ఇదే! విశాఖపట్నంలోని చమురుశుద్ధి కర్మాగారంవంటి చోట్ల చమురులోని గంధకాన్ని తీసివేసేటప్పుడు కూడా ఈ వాయువు పుడుతుంది. మన తెలుగువాళ్ళు ఎందరో గల్ఫ్ దేశాల చమురు క్షేత్రాలలో పనిచేస్తున్నారు. మీ నాన్నగాని, మామయ్యగాని, బాబాయిగాని అక్కడ ఉంటే, ‘ఈ వాయువును గురించి మీకు ఏం నేర్పారు?’ అని ఉత్తరంలోనో ఫోనులోనో అడిగి చూడండి.

ఇదే గోదావరి కిందికి పారి సముద్రాన్ని చేరేచోట, కోనసీమలో సహజవాయువు బావులు ఉన్నవి. 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర ఒక బావి అదుపుతప్పి మండింది. 65 రోజులపాటు ఆ మంట ఆరలేదు. అక్కడ శత్రువు నిప్పు. అది కంటికి కనిపించింది. కాని 2003 డిసెంబరు 23 రాత్రి చైనాలో చోంగ్‌చింగ్ దగ్గర ఒక బావి అదుపుతప్పినప్పుడు మంట రాలేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కలిసిన వాయువు చీకటిలో కనిపించకుండా పల్లెలమీదికి పాకింది. 243 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది బావి పనివాళ్ళు కారు. తమ ఇళ్ళలో ఉన్న పల్లెప్రజలు. బావిని వెంటనే ముట్టించి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదని తరువాత విచారణలో తేలింది. ఎందుకంటే, మండినప్పుడు ఈ వాయువు ఇంతకన్న తక్కువ విషమైన మరొక వాయువుగా మారుతుంది. ఇటువంటి కర్మాగారాలలో ఎత్తయిన గొట్టం చివర మంట వెలుగుతూ ఉండేది అందుకే.

అందుచేత అపాయాన్ని గురించి లోపలి కార్మికుడికే గాక బయటి ఊరికీ తెలిసి ఉండాలి. 1984 డిసెంబరులో భోపాల్‌లో మరొక విష వాయువు వేలమందిని బలితీసుకున్నది. ఏ వాయువు వచ్చిందో, ఎటు పరుగెత్తాలో అక్కడి ప్రజలకు తెలియదు. ఆ తరువాత, 1987లో, మన దేశపు కర్మాగారాల చట్టాన్ని సవరించారు. తాము ఏ అపాయం మధ్య పనిచేస్తున్నారో తెలుసుకునే హక్కు కార్మికులకు వచ్చింది. చుట్టుపక్కల ప్రజలకు కూడా ఆ సంగతులు చెప్పవలసిన బాధ్యత యజమానులమీద పడింది.

‘మా ఊళ్ళో చమురు బావీ లేదు, కర్మాగారమూ లేదు. మాకెందుకు ఈ గొడవ?’ అని మీలో ఎవరైనా అనవచ్చు. ఉన్నది! మీ ఊళ్ళో వాడకుండా వదిలేసిన పాతబావి ఉండవచ్చు. ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు ఉండవచ్చు. చెత్త, ఆకులు, మురుగు కుళ్ళినచోట ఈ వాయువూ, దీనివంటి ఇతర వాయువులూ పుడతాయి. పీల్చుకునే ప్రాణవాయువు కూడా తగ్గిపోతుంది. పూడిక తీయటానికో, మోటారు బాగుచేయటానికో ఒకడు దిగుతాడు; పడిపోతాడు. ‘అయ్యో, తమ్ముడు!’ అని అన్న దిగుతాడు. అతన్ని కాపాడబోయి ఇంకొకడు. ఒక్కరి కోసం ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన సంఘటనలు మన తెలుగునాట ఎన్నోసార్లు జరిగినవి. వాళ్ళలో పిరికివాడు ఒక్కడూ లేడు. వాళ్ళను చంపింది ప్రేమతో కూడిన తొందర.

దీపం దించి చూడటం పెద్దవాళ్ళకు అలవాటు. దీపం ఆరిపోతే దిగకూడదు, అది నిజమే. కాని దీపం ఆరలేదు గనుక దిగవచ్చునని కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉంటే దీపం ఆరదు; ఎక్కువగా ఉంటే భగ్గుమని అంటుకుంటుంది. 2013లో చేసిన చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపటం నేరం. కూలి ఎక్కువ ఇస్తామన్నా నేరమే.

మరి మీ కళ్ళ ఎదుట ఎవరైనా పడిపోతే ఏం చేయాలి? దిగకండి. లోపలికి వంగి కూడా చూడకండి. గట్టిగా కేకవేసి పెద్దలను పిలవండి. అగ్నిమాపక దళానికి 101కు గాని, అత్యవసర సహాయానికి 112కు గాని ఫోను చేయించండి. ఇంకొకరు దిగబోతే పట్టుకుని ఆపండి. పడినవాడి నడుముకు ముందే తాడు కట్టి ఉంటే, పెద్దలు పైనుంచే లాగవచ్చు. గాలి సిలిండరు ఉన్నవాళ్ళు వచ్చేదాకా లోపలికి ఎవరినీ పోనివ్వకండి. ఊరికే నిలబడటం కష్టమే. కాని ఆ సమయంలో అదే ధైర్యం.

ఇక పొద్దు వాలుతున్నది, బస్సుకు వేళయింది. బూర్గంపాడు రేవున ఒక్క నిమిషం నిలబడి చూడండి. అవతలి ఒడ్డున గుడి దీపాలు వెలుగుతున్నవి. ఏటికి ఎగువన, ఉక్కుగోపురాల దగ్గర, రాత్రి పనికి కార్మికులు లోపలికి పోతూ ఉంటారు. ప్రతివాడూ ముందు తన పరికరం పనిచేస్తున్నదో లేదో చూసుకుంటాడు; తరువాత గాలి ఎటు వీస్తున్నదో చూస్తాడు; ఆ తరువాత తన జతగాడు పక్కన ఉన్నాడో లేదో చూస్తాడు. రోజూ చేసే పనే గదా అని ఒక్కనాడూ మానడు.

మీరు ఇంటికి పోగానే ఒక పని చేయండి. మీ ఊళ్ళో మూతలేని పాతబావి ఎక్కడ ఉన్నదో, సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడ పగిలి ఉన్నదో దూరం నుంచే చూసి, ఇంట్లో పెద్దలకు చెప్పండి. ‘పడినవాడి వెంట దిగకూడదు’ అన్న మాట మీ స్నేహితులు పదిమందికి చెప్పండి. ఆ మాట విన్న పదిమందిలో ఒక్కడు ఏదో ఒకనాడు బావిగట్టున ఆగినా, మన బూర్గంపాడు ప్రయాణం ఫలించినట్టే.