కాలు తీసినా లేవని క్లచ్

పిల్లలూ, డెహ్రాడూన్‌లో ఉన్నప్పుడు మా ఎదురింటి రిటైర్డ్ కర్నల్‌గారికి పాత ఎంజీబీ ఉండేది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు అది. ఊరెళ్తూ తాళంచెవి నా చేతికిచ్చి, "వారానికోసారి స్టార్ట్ చేయండి మాస్టర్‌జీ" అన్నారు.

బానెట్ ఎత్తితే క్లచ్ డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గినట్టు కనిపించింది. షెడ్డులో ఉన్న ఇంజిన్ ఆయిల్ పోశాను. ఏదైనా నూనే కదా అనుకున్నాను! కొన్ని వారాలకు, తొక్కిన పెడల్ కాలు తీసినా పైకి రాలేదు. చెయ్యి పెట్టి లేపాల్సి వచ్చింది.

కర్నల్‌గారు తిరిగొచ్చి ముందు పెడల్ స్ప్రింగ్ చూశారు. బాగానే ఉంది. డబ్బా మూత తీసి, వేలు ముంచి వాసన చూశారు. అప్పటికే నాకు బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. పదిహేను రోజులు నోరు మూసుకుంటే చాలు. కానీ చెప్పేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మాస్టర్ సిలిండర్ విప్పి చూపించారు. పెడల్ తొక్కితే అందులోని పిస్టన్ ఫ్లూయిడ్‌ను గొట్టంలోంచి గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న సిలిండర్‌కు నెడుతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు బ్రేక్ ఫ్లూయిడ్‌కే తట్టుకుంటాయి. ఇంజిన్ ఆయిల్ తగిలితే నానిన శనగల్లా ఉబ్బి పిస్టన్‌ను పట్టేస్తాయి.

రెండు ఆదివారాలు పట్టింది. గొట్టాలు స్పిరిట్‌తో కడిగాం, సీళ్లూ రబ్బరు హోసూ మార్చాం. ఆయన కారు కింద పడుకుని నిప్పిల్ విప్పుతూ బిగిస్తూ ఉంటే, గాలి బుడగలు ఆగేదాకా నేను పెడల్ తొక్కాను. చివరికి అది టక్కున పైకి లేచింది.

ఆ ఉబ్బిన సీలు ఒకటి నా సుద్దముక్కల డబ్బాలో ఉంది. సామానుతోపాటు ఈ ఊరికీ వచ్చింది.