పియానో లేని నివాళి

వాన కోసం విరాటపర్వం చదివించే సీమ మాది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకం కట్టారంటే హార్మోనిస్టుదే రాజ్యం. పద్యానికి తాళం ఉండదు గదా, నటుడు రాగం తీస్తున్నంతసేపూ తబలా ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. కానీ హార్మోనిస్టు వేలు ఏ స్వరం మీద ఆగుతుందో, ఎక్కడ జారుతుందో ఆయనకు తెలిసినంతగా నటుడికీ తెలియదు. వాయించకుండా కూర్చున్నవాడే బాగా వింటాడని నా నమ్మకం.

అమెరికన్ జాజ్ డ్రమ్మర్ పాల్ మోషియన్ అలాంటి వినికిడిగలవాడు. పియానిస్టు బిల్ ఎవాన్స్, బాసిస్టు స్కాట్ లఫారోలతో కలిసి 1961 జూన్ 25న న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించాడు. ఆ రికార్డింగులో గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తుంది. మోషియన్ తీగల బ్రష్షులతో డ్రమ్ము తోలు మీద మెల్లగా రాస్తుంటాడు. దరువు కన్నా ఆ రాపిడే ఎక్కువ. పదకొండు రోజులకు లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఎవాన్స్ 1980లో పోయాడు.

1990లో మోషియన్ ‘బిల్ ఎవాన్స్’ అనే పేరుతోనే ఆల్బం చేశాడు. బాణీలన్నీ ఎవాన్స్‌వే. పియానో మాత్రం లేదు! బిల్ ఫ్రిజెల్ గిటారు, జో లొవానో శాక్సొఫోను, ఎవాన్స్ చివరి బృందంలో వాయించిన మార్క్ జాన్సన్ బాసు, అంతే. మనవాళ్లయితే ‘ఆయన లేని లోటు తీరనిది’ అని మైకులో చెప్పి, ఆ మాట ముగియకముందే ఇంకొకరిని ఆ పీట మీద కూర్చోబెడతారు. మోషియన్ ఆ పని చేయలేదు. శాక్సొఫోను కొన్నిచోట్ల కాస్త ఎక్కువైందనిపిస్తుంది గానీ, గిటారు స్వరం సాగి సాగి ఆగే చోట పియానో రావాల్సిన సందు తెలుస్తూనే ఉంటుంది.

మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్లకే పోయాడు. ఆయన పక్కన ఏళ్ల తరబడి తబలా వాయించిన జాకిర్ హుస్సేన్, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘శక్తి’ బృందంతో 2023లో ‘దిస్ మూమెంట్’ తెచ్చారు. మొదటి పాట పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’. అందులోనూ మాండలిన్ లేదు. ఆ ఆల్బంకు మరుసటేడు గ్రామీ వచ్చింది.

ఎవాన్స్‌ను కొత్తగా వినేవాళ్లు 1990 ఆల్బంతో మొదలుపెట్టకండి. ముందు 1961ది వినండి. లేకపోతే దీంట్లో ఎవరు లేరో అర్థం కాదు.