కొత్త సబ్జెక్టు వస్తే ఏది జరగాలి?

మా భాంజీ ఏడో తరగతి. మాట్లాడేది ఉర్దూ, చదివేది ఇంగ్లీషూ తెలుగూ. నానీ దాచుకున్న ఖత్ చేతికిస్తే బొమ్మ చూసినట్టు చూస్తుంది.

2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండో అధికార భాష అయితే మాషాఅల్లాహ్ అనుకున్నాం. 2018లో చట్టం తెచ్చి ఒకటి నుంచి పది దాకా అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేశారు. మంచిదే. తెలుగు మనకు పరాయిదా? నేను రాస్తున్నది ఏమిటి మరి! సీబీఎస్ఈలో 2019 నుంచి తొమ్మిదో తరగతికి ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కూడా వచ్చింది. ఏ ఇల్మ్‌కీ నేను ముఖాలిఫ్‌ని కాను.

కానీ పీరియడ్లు రబ్బరు కావు. ఒకటొస్తే ఇంకోటి జరగాలి. ఇంగ్లీషునీ లెక్కల్నీ ఎవరూ కదపరు. చాలాచోట్ల జరిగేది ఉర్దూయే. "చదివే పిల్లల్లేరు" అంటారు. ఉస్తాద్ లేని క్లాసుకి పిల్లలెలా వస్తారు? పేరెంట్స్ మీటింగులో ఫీజు గురించి గట్టిగా అడిగే మనం ఈ సవాల్ కూడా అడగాలి.

జవాబ్ వచ్చేదాకా ఇంట్లో మగ్రిబ్ తర్వాత అరగంట చాలు. ఖురాన్ చదివే పిల్లలకి హురూఫ్ ఎలాగూ వచ్చు. పే, టే, చే, గాఫ్ లాంటివి కొన్ని కలపాలి, జేర్ జబర్ లేకుండా చదవడం అలవాటు చేయాలి. అంతే దూరం.