తీసిన గాలి తిరిగి నింపాలి

మా ఇంటి ముందు వేపచెట్టు క్రింద ఒక వ్యాను నిలబడి ఉంటుంది. వారంలో ఆరు రోజులు అది మా ఊరి పిల్లలను బడికి చేరుస్తుంది. ఆదివారం నడవలేని పెద్దవారిని ఆరాధనకు తీసుకువస్తుంది. పెళ్లికైనా ఆసుపత్రికైనా మా ఊరివారికి ముందు గుర్తుకు వచ్చేది ఆ బండే. మా కుటుంబం అన్నం తినేది కూడా దాని మీదనే. అటువంటి బండి చక్రాలలో ఉండే గాలిని గూర్చి మేము ఎంత అజాగ్రత్తగా ఉన్నామో, దాని వలన ఏమి జరగబోయి తప్పిందో చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఇంట్లో వ్యాను గాని, కారు గాని ఉన్నవారికి ఇది పనికి వస్తుందని మా ఆశ.

మాది బాపట్ల ప్రాంతం. 2023 ఫిబ్రవరిలో ఒక గురువారం సాయంత్రం, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెలో బంధువుల ఇంట పెళ్లికి పదకొండు మందిమి బయలుదేరాము. తారు రోడ్డు అయిపోయిన తరువాత సరుగుడు తోటల మధ్య ఇసుక బాట. సగం దూరం పోయామో లేదో వెనక చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. ఇంజను ఎంత రేజు చేస్తే అంత లోపలికి దిగాయి. మగవారందరూ దిగి నెట్టినా కదలలేదు.

వలలు భుజాన వేసుకొని వస్తున్న ఒక పెద్దాయన ఆగి చూసి నవ్వాడు. "ఎందుకయ్యా దాన్ని అట్లా చంపుతారు? నాలుగు చక్రాల్లో సగం సగం గాలి తియ్యండి. అదే లేచి వస్తుంది" అన్నాడు. చిన్న పుల్ల తీసుకొని వాల్వు లోపలి పిన్నును నొక్కి, ఎట్లా తీయాలో కూడా చూపించాడు. గాలి తగ్గినప్పుడు టైరు నేల మీద పొడవుగా పరచుకుంటుంది. బండి బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది గనుక ఇసుకలో దిగబడదు. ఆయన చెప్పినట్లే పది నిమిషాలలో బండి బయటపడింది. పెళ్లి సంతోషంగా జరిగింది.

చిక్కు తిరుగు ప్రయాణంలో వచ్చింది. తారు రోడ్డు ఎక్కిన తరువాత తీసిన గాలి మరల నింపాలి. మా దగ్గర గాలి పంపు లేకపోలేదు. అంతకు ముందు సంవత్సరం తొమ్మిది వందల రూపాయలకు కొన్నాము. సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టుకొనే చిన్న రకం. దాని అట్టపెట్టె మీద 150 పి.ఎస్.ఐ. అని పెద్ద అక్షరాలతో ఉన్నది. అంత పెద్ద అంకె చూసి చాలా బలమైనదని నమ్మాము. ఇంటికి తెచ్చిన తరువాత ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు. ఆ రాత్రి మొదటి టైరుకు పది నిమిషాలు గడిచినా పూర్తిగా నిండలేదు. రెండవ టైరు మధ్యలో కాలిన వాసన వచ్చి అది ఆగిపోయింది. పెట్రోలు బంకు పధ్నాలుగు కిలోమీటర్ల దూరం. బండిలో నిద్రపోతున్న పిల్లలు, విసుగుపడుతున్న పెద్దవారు. "మెల్లగా పోదాములే, ఏమవుతుంది" అనుకొని అట్లాగే నడుపుకొని వచ్చాము. బంకులో గాలి నింపించాము. టైర్లు చూడటానికి బాగానే ఉన్నాయి. ఆ సంగతి అంతటితో మరచిపోయాము.

మంగళవారం ఉదయం తొమ్మిది మంది పిల్లలతో కాలువ గట్టు మీద పోతుండగా వెనక ఎడమ టైరు పేలింది. బండి ఒక్కసారి ప్రక్కకు లాగింది. వేగం తక్కువగా ఉండటం వలన, దేవుని దయ వలన, కాలువకు రెండు మూరల దూరంలో ఆగింది. పిల్లలలో ఎవరికీ చిన్న దెబ్బ కూడా తగలలేదు. చిన్నవాళ్లు ఏడుస్తూ దిగి మమ్మల్ని పట్టుకొన్నప్పుడు మా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

పంక్చరు షాపు బాబాయి ఆ టైరును రిమ్ము నుండి ఊడదీసి లోపలి వైపు మాకు చూపించాడు. లోపల రబ్బరు పొడిపొడిగా రాలి ఉన్నది. ప్రక్క భాగంలో చుట్టూ నలిగిన గీత, దానిలో తెగిన దారాలు. "ఇది ఇవాళ పోయిన టైరు కాదమ్మా. గాలి లేకుండా నడిపిన రోజే పోయింది" అన్నాడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు టైరు ప్రక్కలు ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తాయి. ఆ మడత వలన వేడి పుడుతుంది. వేడికి లోపలి దారాలు తెగుతాయి. తరువాత ఎంత గాలి నింపినా తెగిన దారం అతుక్కోదు. బయటికి మాత్రం ఏమీ కనబడదు. ఇసుకలో గాలి తీయడం తప్పు కాదు. తీసిన గాలి నింపకుండా తారు రోడ్డు మీద నడపడమే తప్పు.

ఆ రాత్రి మా ఇంట ఎవరమూ సరిగా భోజనం చేయలేదు. మరునాడు పిల్లల తల్లిదండ్రులందరి ఇళ్లకు వెళ్లి జరిగినది జరిగినట్లు చెప్పాము. రోడ్డు మీద మేకు గుచ్చుకొన్నదని చెప్పవచ్చు, ఎవరూ కాదనరు. కాని అది నిజం కాదు గదా. ఇద్దరు పిల్లల తండ్రి ఒకాయన చాలాసేపు మౌనంగా ఉండి, "మీరే వచ్చి చెప్పారు గనుక పంపుతాము. ఇక మీదట జాగ్రత్త" అన్నాడు. ఆ మాట మేము మరచిపోలేదు. నాలుగు టైర్లూ మార్చి, మంచి గాలి పంపు కొనాలని ఆ రోజే నిర్ణయించుకొన్నాము.

గాలి టైరు కథ మా పెద్దబ్బాయి చదివి చెప్పాడు. 1845లోనే రాబర్ట్ థామ్సన్ అనే ఆయన గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందాడు గాని, అది వాడుకలోనికి రాలేదు. తరువాత బెల్‌ఫాస్ట్ పట్టణంలో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన చిన్న కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును తయారుచేశాడు. 1888లో దానికి పేటెంటు తీసుకొన్నాడు. ఒక తండ్రి తన బిడ్డ హాయిగా పోవాలని నింపిన గాలి అది. తొమ్మిది మంది బిడ్డలను ఎక్కించుకొని మేము లెక్కచేయనిది కూడా ఆ గాలినే. ఇది విని మాకు సిగ్గు కలిగింది.

పంపు కొనడానికి ముందు ఈసారి తెలిసినవారిని అడిగాము, రెండు మూడు రకాలు చేతితో పట్టుకొని చూశాము. మేము నేర్చుకొన్నవి ఇవి.

మొదటిది, పెట్టె మీది పెద్ద అంకెను చూసి మోసపోవద్దు. మా వ్యానుకు తలుపు దగ్గర అంటించిన చీటీ ప్రకారం ముందు చక్రాలకు 40, వెనక చక్రాలకు 50 పి.ఎస్.ఐ. చాలు. 150తో మాకు పని లేదు. చూడవలసినది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుందన్నది. సైకిలు టైరుకు, కారు టైరుకు, వ్యాను టైరుకు పట్టే గాలి ఒక్కటి కాదు.

రెండవది, ఆగకుండా ఎంతసేపు నడుస్తుందో అడగాలి. చిన్నవి పది నిమిషాలు నడిస్తే అంతసేపు చల్లారాలి. నాలుగు టైర్లు నింపవలసినవారికి అది కుదరదు.

మూడవది, కరెంటు ఎక్కడి నుండి తీసుకుంటుందో చూడాలి. సాకెట్ ఫ్యూజు ఎక్కువ బండ్లలో 10 నుండి 20 ఆంపియర్ల లోపు. అంతకంటె ఎక్కువ లాగే పంపు పెడితే ఫ్యూజు పోతుంది. బలమైన పంపులకు రెండు క్లిప్పులు ఉంటాయి. ఎర్రది బ్యాటరీ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు నేరుగా తగిలించాలి. బ్యాటరీ దిగిపోకుండా ఇంజను నడుస్తూ ఉండాలి. అయితే మూసిన షెడ్డులో ఈ పని చేయరాదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

నాలుగవది, వైరు, గొట్టం కలిపి వెనక చక్రం దాకా అందాలి. కొనేముందు బండి పొడవు కొలుచుకొని వెళ్లండి. ఛార్జింగు పెట్టుకొనే చేతి పంపులు కూడా ఇప్పుడు వచ్చాయి. వైరు బాధ లేదు, కారులో ఒక టైరుకు కొంచెం గాలి తగ్గితే అవి చక్కగా పనిచేస్తాయి. కాని వ్యానుకు నాలుగు టైర్లూ నిండేలోపు ఛార్జింగు అయిపోతుందేమోనన్న భయంతో మేము తీసుకోలేదు. బ్యాటరీ క్లిప్పుల రకమే నాలుగు వేల రెండు వందలకు కొన్నాము.

ఇక గాలి తీసే పనిముట్లు. వాల్వుకు బిగించి వదిలితే అనుకొన్న అంకె దగ్గర తమంతట తామే ఆగే ఇత్తడి బిరడాలు ఉన్నాయి. వాల్వు లోపలి పిన్నును ఊడదీసి, పోకుండా తనలోనే పట్టుకొని, గాలిని వేగంగా వదిలే రకం ఇంకొకటి. రోజూ ఇసుకలో తిరిగేవారికి అవి మంచివే. మేము మాత్రం గాలి వదిలే మీట ఉన్న ఒక మంచి గేజి తీసుకొన్నాము. ఎందుకంటే ఏ పనిముట్టు వాడినా చివరకు గేజితో సరిచూడవలసిందే. ఆ గేజి ఇసుకలోనే గాక, ప్రతి సోమవారం ఉదయం కూడా మాకు పనికి వస్తుంది.

ఇంకొక మాట. గాలిని చల్లని టైరులోనే చూడాలి. ఎండలో చాలా దూరం నడిచిన టైరులో గాలి వేడెక్కి అంకె పెరుగుతుంది. అది చూసి ఎక్కువైనదని తీసివేస్తే, చల్లారిన తరువాత తక్కువ అవుతుంది. ఇసుకలో కూడా మేము సగానికంటె క్రిందికి పోము. మరీ తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుండి జారిపోతుంది.

కొత్త పంపును ఇంటికి తెచ్చిన రోజే వేపచెట్టు క్రింద పరీక్షించాము. వెనక టైరును 25 వరకు దించి, మరల 50 వరకు నింపాము. నాలుగు నిమిషాలు పట్టింది. నాలుగు టైర్లూ అట్లాగే చేసి చూశాము. పిల్లలు చుట్టూ చేరి గడియారం పట్టుకొని లెక్కపెట్టారు. పెళ్లిరాత్రి రోడ్డు మీద తెలిసిన సంగతి, ఆ తొమ్మిది వందల పంపును ముందే ఇట్లా పరీక్షించి ఉంటే ఇంట్లోనే తెలిసేది.

మరుసటి సంవత్సరం అదే ఇంట బిడ్డ పుట్టినప్పుడు మరల ఆ పల్లెకు వెళ్లాము. ఇసుక బాట మొదట్లోనే ఆగి గాలి తగ్గించాము. బండి ఎక్కడా దిగబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు తారు రోడ్డు అంచున ఆపి పంపు తీశాము. చీకటి పడుతున్నది. "బంకు దాకా మెల్లగా పోదాము రా అబ్బాయి, ఒక్కసారికి ఏమీ కాదు" అని మా అత్తగారు అన్నారు. మేమూ ఒకప్పుడు అన్న మాటే అది. "లేదమ్మా, ఇరవై నిమిషాలు ఓర్చుకో" అని చెప్పి నాలుగు చక్రాలూ నింపిన తరువాతనే కదిలాము. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఎవరమూ ఆ ఇరవై నిమిషాలను గూర్చి మరల మాట్లాడలేదు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట బండి ఉంటే రేపు ఉదయం అది కదలకముందే ఒకసారి గాలి చూడండి. పంపు ఉంటే బయటికి తీసి ఒక టైరుకు పెట్టి చూడండి. పనిచేయకపోతే ఆ సంగతి మీ వాకిట్లోనే తెలియడం మంచిది.