సముందర్ తిన్న జమీన్‌కి సుబూత్ ఏది?

పాతబస్తీలో ఉర్దూ మీడియం బడి వదలగానే డాబా ఎక్కేవాణ్ని. పతంగి ఎగరేయడం ఒక్కటే నాకు తెలిసిన హునర్. సంక్రాంతి వచ్చిందంటే వేళ్లన్నీ మాంజా కోతలే. అమ్మీ తిడుతూనే పసుపు అద్దేది. నలభై దాటాక ఉప్పాడ ఒడ్డున ఆ పతంగి మళ్లీ యాదికొస్తుందని అనుకోలేదు.

తెలుగులో డిగ్రీ చేసి జర్నలిస్టునయ్యాక కొన్నాళ్లు కాకినాడలో పనిచేశాను. తుఫాన్ అనగానే ఉప్పాడకే పరుగు. బీచ్ రోడ్డు కోసుకుపోయిందని ఖబర్ వస్తే చాలు, బైక్ తీయడమే. రాళ్ల మీదికి ఎగిసిన అల, పక్కన ఏడుస్తున్న ముసలమ్మ. ఆ తస్వీర్ ఫస్ట్ పేజీకి. ‘ముందుకొచ్చిన సముద్రం’ అని హెడ్డింగ్. ఎన్ని గజాలు ముందుకొచ్చింది? ఎన్నేళ్లలో? ఒక్కసారీ రాయలేదు. నేను కొలిస్తే కదా.

ఈమధ్య మళ్లీ వెళ్తే, ఒడ్డున ఓ సర్వే కుర్రాడు డ్రోన్ సిద్ధం చేస్తున్నాడు. ముందు ఇసుక మీద అక్కడక్కడా తెల్లటి నిషాన్‌లు పరిచాడు. ఒక్కోటి ఎక్కడుందో జీపీఎస్‌తో సెంటీమీటర్ల లెక్కన కొలిచాడు. తర్వాత డ్రోన్ వంద మీటర్ల ఎత్తున, పొలంలో సాళ్లు దున్నినట్టు అటూ ఇటూ తిరుగుతూ తిన్నగా కిందికి ఫోటోలు తీసింది. ఒక ఫోటోలోని జాగా ముప్పాతిక వంతు పక్క ఫోటోలోనూ ఉండాలట. అలా ఉంటేనే కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి, ఇసుక ఎత్తుపల్లాలతో సహా నక్షా తయారు చేస్తుంది.

“శాటిలైట్‌లున్నాయి కదా బేటా?” అన్నాను.

“సెంటినెల్-2 ఫోటోలో ఒక్క చుక్క అంటే నేల మీద పది మీటర్లు సార్. సముద్రం మూడు మీటర్లు కోసుకుపోతే ఆ చుక్కకి సరిగ్గా తెలియదు. ఇందులో చుక్క అంటే మూడు నాలుగు సెంటీమీటర్లే.”

మన దేశం తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని 1990 నుంచి 2018 దాకా తీసిన శాటిలైట్ ఫోటోలు చూసే చెప్పారు. ముల్కు సంగతి అంత పైనుంచి తెలుస్తుంది. ఏ గల్లీ పోయింది, ఎవరి గోడ పోయింది అన్నది తెలియాలంటే కిందికి దిగాల్సిందే.

డ్రోన్ లేకపోతే పతంగి ఉంది! 1888లోనే ఫ్రాన్స్‌లో ఆర్తూర్ బాతూ పతంగికి కెమెరా కట్టి పైనుంచి నేలను ఫోటో తీశాడు. సాహిల్ మీద గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి ఇప్పటికీ కొందరు పరిశోధకులు ఆ పని చేస్తున్నారు. మాంజా కాదు, గాజు పూయని గట్టి దారం. పతంగి కూడా పెద్దది. ఈ మాట విన్నప్పుడు నా వేళ్లు జిల్లుమన్నాయి.

అయితే ఒక్కసారి తీస్తే చాలదు. ఒక రుతువులో పోయిన ఇసుక ఇంకో రుతువులో కొంత తిరిగి వస్తుంది. అందుకే ఏటా అదే మౌసమ్‌లో, అదే ఆటు సమయంలో తీయాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటు బాగా దిగుతుంది. బెస్తవాళ్లు, మేమూ చాంద్ లెక్కలవాళ్లమే అని నవ్వుకున్నాను.

డ్రోన్ కింద నిలబడి చూస్తున్న ఒకామె నన్ను గుర్తుపట్టింది.

“ఎన్ని ఫోటోలు తీసుకెళ్లావు బాబూ! మా ఇల్లు ఇక్కడుండేదని చెప్పే ఫోటో ఒక్కటుందా నీ దగ్గర?”

ఇంటి స్థలం కోసం వెళ్తే, పాత ఇల్లు ఎక్కడుండేదో చూపించమన్నారట. ఆమె నీళ్లు చూపించిందట.

నా దగ్గర జవాబు లేదు. డ్రోన్ తీసేది ఈరోజు మిగిలిన జమీన్‌ని. ఆమె ఇల్లు ఎప్పుడో పోయింది.

ఇంటికొచ్చి పాత హార్డ్ డిస్క్ తిరగేశాను. అలలు, అలలు, అలలు. శరమ్ అనిపించింది. రెండో రాత్రి ఒకటి దొరికింది. వాటర్ ట్యాంకు ఎక్కి, కెమెరా సరిచూసుకోవడానికి నొక్కిన ఫోటో. అల లేదు, ఏడుపు లేదు. వరసగా పైకప్పులు, ఒక గుడి, చివర్న నుయ్యి. పేపర్‌కి పనికిరాదని పక్కన పడేసింది.

కుర్రాడికి పంపాను. “ట్యాంకు ఉంది, గుడి ఉంది సార్. ఆ రెండూ పట్టుకుని మిగతా ఇళ్లు ఎక్కడుండేవో ఇంచుమించుగా లెక్క కట్టొచ్చు” అన్నాడు. సరిహద్దు గజాలతో సహా తేలకపోవచ్చు. ఆఫీసులో ఒప్పుకుంటారో లేదో కూడా తెలియదు. ప్రింట్ మాత్రం తీయించాను. జుమ్మా తర్వాత బయల్దేరుతున్నాను. ఏ పైకప్పు తనదో ఆమే వేలు పెట్టి చూపించాలి.

మీ ఇళ్లల్లో డాబా మీంచో, ట్యాంకు మీంచో తీసిన పాత సముద్రతీరం ఫోటోలుంటే పారేయకండి. వెనక తారీఖు రాసి పెట్టండి. అందులో మీకు ఏమీ కనిపించకపోయినా సరే.