నీళ్లమీద తాడు పట్టుకొని

మా ముత్యంపేటనుండి సముద్రమును చూడాలంటే ఎటు వెళ్లినా ఒక రాత్రంతా ప్రయాణము చేయాలి. అందుకేనేమో, మా ప్రాంతమువారు చాలామంది మొదటిసారి సముద్రమును చూచేది విశాఖపట్నములోనో బాపట్లలోనో కాదు, గల్ఫ్ దేశములలో. గడచిన సంక్రాంతి సెలవులలో మేము కూడ అటే వెళ్లాము.

అబుదాబిలో డ్రైవరుగా పనిచేస్తున్న మా ఊరి సహోదరుడొకరు తన భార్యను, పదకొండేండ్ల కుమారుని విజిటు వీసామీద పిలిపించుకొన్నారు. ఆమెకు విమానప్రయాణము కొత్త. అక్కడి తెలుగు కుటుంబములవారు మమ్మల్ని కూడ ఎప్పటినుండో రమ్మంటున్నారు గనుక, ఆమెకు తోడుగా మేమిద్దరము బయలుదేరాము. శంషాబాద్‌నుండి సుమారు నాలుగు గంటలు. దిగగానే గడియారములను గంటన్నర వెనుకకు త్రిప్పుకొన్నాము.

ఆ సహోదరుని తండ్రి మా ఊరి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. మరుసటి ఏడు కుమారుడు పాస్‌పోర్టు తీసికొన్నాడు. అప్పటికి ఈ పిల్లవానికి ఇంకా రెండేండ్లు. నాటినుండి తండ్రి ఇంటికి వచ్చింది మూడుమార్లే.

విమానాశ్రయములో తండ్రిని చూడగానే బాలుడు తల్లి చాటుకు వెళ్లాడు. ఫోనులో రోజూ మాట్లాడేవాడే. కాని మనిషి ఎదురుగా నిలిచేసరికి ఏమని పిలవాలో తోచలేదు. మూడు రోజులు గడిచినా తండ్రిని ఒక్కసారి కూడ పిలవలేదు. ఏమైనా కావలసివస్తే, "అమ్మా, ఆయనను అడుగు" అనేవాడు. ఆ మాట తండ్రి చెవిని పడుతూనే ఉంది. ఆయన ఏమీ అనలేదు.

శనివారము ఆయనకు సెలవు దొరికింది. అందరము కోర్నిష్ అనే సముద్రతీరమునకు వెళ్లాము. తెల్లని మెత్తని ఇసుక. అలలు పెద్దవి కావు, మా ఊరి చెరువు గాలికి కదిలినట్లు కదులుతున్నాయి. అక్కడినుండి కారులో కొంతదూరము వెళ్లిన తరువాత, ఒడ్డున ఒక నీటిపాయవద్ద చిన్న ఆటస్థలము కనబడింది. దానిని కేబుల్ పార్కు అంటారట.

మాకు క్రొత్త గనుక ఆగి చూచాము. పాయకు ఈ చివర ఒక స్తంభము, ఆ చివర ఒక స్తంభము. వాటి పైభాగమున గిలకలమీదుగా ఇనుపతాడు. కరెంటు మోటారు త్రిప్పితే తాడు బావిగిలకమీద చేదతాడు నడిచినట్లు ముందుకు, వెనుకకు నడుస్తుంది. దానికి వ్రేలాడే మరొక తాడుకు పిడి ఉంటుంది. ఆడేవారు పాదములకు ఒక పలకను బిగించుకొని, ఆ పిడి పట్టుకొంటే నీటిమీద జారుతూ పోతారు. పడవ లేదు, పెట్రోలు వాసన లేదు, చప్పుడు కూడ తక్కువ.

పడవ లేకుండ తాడుతోనే మనుష్యులను నీటిమీద నడిపించే ఈ యంత్రమును 1960ల నాటికే జర్మనీ దేశపు ఇంజనీరు బ్రూనో రిక్సెన్ తయారుచేశారు. పెద్ద పార్కులలో నాలుగైదు స్తంభములను చుట్టూ నిలిపి, ఒకరి వెనుక ఒకరిని, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో త్రిప్పుతారు. పలకమీద ఆడే ఈ వేక్‌బోర్డింగ్‌ను 2020 ఒలింపిక్స్‌లో చేర్చుటకు పరిశీలించే ఆటల పట్టికలో 2011లో చేర్చారు కూడ. చివరకు 2013లో ఆ అవకాశము కుస్తీకి దక్కింది.

"ఎక్కుతవా బిడ్డా?" అని తండ్రి అడిగాడు. పిల్లవాడు తల్లివైపు చూచాడు. అప్పుడు తండ్రి కూడ ఆమెవైపే తిరిగి, "వీనికి ఈత వచ్చునా?" అన్నాడు.

ఆమె కొంచెము ఆగి, "వచ్చి మూడేండ్లాయె. మా తమ్ముడు నేర్పిండు" అన్నది.

మా వైపు పిల్లలు వ్యవసాయబావులలో నడుముకు ఎండిన సొరకాయబుర్రలో, ఖాళీ డబ్బాలో కట్టుకొని ఈత నేర్చుకొంటారు. తన కుమారుడు నేర్చుకొన్నాడని ఆ తండ్రికి ఆ దినమున తెలిసింది. టిక్కెట్టు ధర విని మేము వారించబోయాము. ఒక దినపు సంపాదనకు తక్కువ లేదు. ఆయన వినలేదు.

అక్కడ యంత్రము నడిపేవాడు ఫిలిప్పీన్స్ దేశపు యువకుడు. బాలునికి హెల్మెట్టు, తేలే జాకెట్టు తొడిగి చెప్పసాగాడు. తండ్రి తెలుగులో చెప్పాడు: "మోకాళ్లు వంచి కూసో. చేతులు సాపి పట్టు. తాడును నువ్వు గుంజకు, అదే నిన్ను లేపుతది. పడితే ఎంటనే పిడి ఇడిసిపెట్టు."

మొదటిసారి పిల్లవాడు తొందరపడి నిలువబోయి ముందుకు పడ్డాడు. రెండవసారి కూడ అంతే. మూడవసారి పడినా భయముతో పిడి వదలలేదు. యంత్రము ఆపేలోగా తాడు కొంతదూరము ఈడ్చింది. దగ్గుతూ తల పైకెత్తాడు. "ఇగ సాలు, రమ్మను" అని తల్లి కన్నీళ్లు పెట్టుకొన్నది.

తండ్రి చెప్పులు విడిచి, వేసుకొన్న బట్టలతోనే నడుములోతు నీటిలోనికి దిగాడు. జనవరి గనుక నీళ్లు చల్లగా ఉన్నవి. పిల్లవాని భుజము పట్టి, "పడంగనే ఇడిసిపెట్టాలె బిడ్డా. ఇడిసినా ఏం గాదు. నేనీడనే ఉన్న" అన్నాడు.

ఇచ్చిన సమయము అప్పటికే అయిపోయింది. అయినను ఆ యువకుడు గడియారము చూడకుండ, వేగము తగ్గించి మరొకమారు నడిపాడు. అతనికి కూడ స్వదేశములో చిన్న కుమార్తె ఉన్నదని తరువాత తెలిసింది.

ఈసారి పిల్లవాడు మోకాళ్లు వంచుకొని కూర్చున్నాడు, తాడును లాగలేదు. పలక నీటిపైకి వచ్చింది. వంగినవాడు మెల్లగా నిలిచాడు. పాయలో సగము దూరము వెళ్లిన తరువాత గట్టిగా కేక వేశాడు: "బాపూ! సూడు బాపూ!"

తండ్రి జవాబు చెప్పలేదు. పిల్లవాడు ఆవలి స్తంభమువద్ద పడిపోయేవరకు చెయ్యి పైకెత్తి అట్లే నిలిచాడు. ఈసారి పిల్లవాడు పడగానే పిడి వదలిపెట్టాడు.

మీరు ఎక్కలేదా అని కొందరు అడిగారు. మా వయస్సును జ్ఞాపకము చేసుకొని, ఆ చెప్పులకు కావలిగా ఒడ్డున కూర్చున్నాము.

తిరుగుప్రయాణములో పిల్లవాడు ముందు సీటులో, తండ్రి ప్రక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ప్రశ్నలే. ప్రతి ప్రశ్నకు ముందు "బాపూ" అనే మాట ఉన్నది. వెనుక కూర్చున్న తల్లి నిద్రపోయినట్లు కండ్లు మూసుకొన్నది గాని నిద్రపోలేదు.

పాఠకులారా, ఇట్టి పిల్లలు మా వీధులలో ఎందరో ఉన్నారు. మీ ఇంటికి గల్ఫ్‌నుండి తండ్రి సెలవుకు వస్తే, ముందుగా పెట్టెలు విప్పించి, ఆ తరువాత చుట్టాల ఇండ్లకు త్రిప్పి ఆయన దినములన్నీ ఖర్చుచేయకండి. ఒక ఉదయము తండ్రిని, పిల్లవానిని ఇద్దరినే పొలము దగ్గరి బావికి పంపండి. మన ఊళ్లో ఇనుపతాళ్లు, స్తంభములు లేకపోయినా, బావులున్నవి, సొరకాయబుర్రలున్నవి. మీ పిల్లవానికి ఈత వచ్చునో రాదో ఆ తండ్రి తన కండ్లతో చూడాలి.