అటకెక్కినంత మాత్రాన...

‘అటకెక్కింది’ అన్న మాటని మనవాళ్ళు ఎందుకో చిన్నచూపుగా వాడతారు. మూలపడ్డ పథకం అటకెక్కిందంటారు, సగంలో ఆగిన నవల అటకెక్కిందంటారు. ఇల్లు నడిపే ఆడదాన్ని అడిగితే అటక విలువేమిటో చెబుతుంది. పనికిరానిది చెత్తకుండీలోకి పోతుంది గాని అటకెందుకెక్కుతుంది? ఇవాళ అక్కర్లేదు, ఎప్పుడో ఒకనాడు తప్పకుండా కావాలి అనుకున్నదే అటకెక్కుతుంది. అరిసెల మూకుడు, బొమ్మల కొలువు పెట్టె, పెళ్ళిళ్ళకి దించే పెద్ద గుండిగ, ఇలాంటివి.

ఈ రహస్యం కంప్యూటరు వాళ్ళకీ తెలుసునట. మా మరిది ఒక బ్యాంకులో ఫైళ్ళు భద్రపరిచే విభాగంలో పనిచేస్తాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు, తన పనిని ‘హైరార్కికల్ స్టోరేజ్ మేనేజ్‌మెంట్’ అంటారని చెప్పాడు. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదువుకున్న నేను బిక్కమొహం పెట్టేసరికి నవ్వి, “భయపడకండి వదినా, మీరు రోజూ చేసే పనే” అన్నాడు.

నిజంగానే మనం చేసే పనే! పోపులపెట్టె పొయ్యి పక్కనే ఉంటుంది. నెలసరుకుల డబ్బాలు అలమరలో ఉంటాయి. ఏడాదికోసారి వాడేవి అటక మీద. కంప్యూటర్లోనూ అంతేనట. చిటికెలో అందించే డిస్కు ఖరీదైంది, దాన్లో చోటు తక్కువ. నెమ్మదిగా నడిచే డిస్కు కొంచెం చవక. అన్నిటికన్నా చవకైంది టేపు. పాటల క్యాసెట్లు పోయినట్టే టేపులూ పోయాయనుకుంటాం గాని, 2021లో వచ్చిన రకం టేపు ఒక్కటి, అరచేతిలో పట్టేది, పద్దెనిమిది టెరాబైట్లు దాచుకుంటుంది. లోపల చుట్టిన రిబ్బను కిలోమీటరు పొడవు పైమాటే. బీరువాలో పెట్టి ఉంచినన్నాళ్ళూ దానికి కరెంటు ఖర్చు లేదు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1974లోనే ఐ.బి.ఎం. వాళ్ళు తేనెపట్టు గదుల్లాంటి అరల్లో టేపు చుట్టలు పేర్చి, కావలసినదాన్ని యంత్రమే తీసి అందించే ఏర్పాటొకటి ప్రకటించారు.

ఇక వాళ్ళ మాటలు వినండి, ఎంత ముచ్చటగా ఉంటాయో! చాలాకాలంగా ఎవరూ తెరవని ఫైలుని డిస్కు మీంచి టేపు మీదకి పంపడం ‘మైగ్రేషన్’, అంటే వలస. వెళ్ళిన ఫైలు తన చోట ఒక ఆనవాలు వదిలి వెళుతుంది. దాని పేరు ‘స్టబ్’. చెక్కు చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే ముక్క ఉంటుందే, అలాంటిదన్నమాట. చూసేవాళ్ళకి ఫైలు అక్కడే ఉన్నట్టుంటుంది. తెరవబోతే మాత్రం టేపు వెతికి, ఎక్కించి, చదివి తీసుకురావాలి. అది ‘రీకాల్’, వెనక్కి పిలవడం. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

వలస ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికీ ఒక గీత ఉంది. మాది రాజమండ్రి గనక నాకిది ఇట్టే అర్థమైంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. అలాగే డిస్కు ఉదాహరణకి నూటికి తొంభై వంతులు నిండితే పాత ఫైళ్ళని పంపడం మొదలవుతుంది, ఎనభైకి దిగాక ఆగుతుంది. ఈ రెండు గీతల్నీ నీటిమట్టం గుర్తులనే అంటారట!

నాకు మరీ నచ్చింది ‘రిక్లమేషన్’. గడువు తీరిన ఫైళ్ళు పోగా టేపుల్లో అక్కడక్కడ ఖాళీలు పడతాయి. మిగిలినవాటిని ఒకే టేపులోకి చేర్చి, పాత టేపుల్ని ఖాళీ చేస్తారు. సగం పప్పు డబ్బాలు రెండిటినీ ఒకటి చేసి, రెండోది కడిగి బోర్లించడం మనకెవరు నేర్పారు?

‘బ్యాకప్’కీ ‘ఆర్కైవ్’కీ తేడా కూడా అప్పుడే చెప్పించుకున్నాను. బ్యాకప్ అంటే రెండో తాళంచెవి. మొదటిది పోతే పనికొస్తుంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమైతే, గూగుల్ వాళ్ళు వాటిని టేపుల మీంచే తిరిగి తెచ్చారు. ఆర్కైవ్ అలా కాదు. బ్యాంకు లాకర్లో పెట్టిన కాసులపేరు లాంటిది. ఉన్నది అదే, చోటు మాత్రమే మారింది.

“మరి మీరు అన్నిటికన్నా భయపడేది దేనికయ్యా? టేపు తెగిపోతుందనా?” అని అడిగాను. “టేపు తెగితే ఆ టేపులోవే పోతాయి వదినా. ఏ ఫైలు ఏ టేపులో ఉందో చెప్పే జాబితా ఒకటుంటుంది. అది పోతే అన్నీ ఉండీ ఏదీ లేనట్టే. అందుకే దానికి రెండు మూడు నకళ్ళు వేరే వేరే చోట్ల దాస్తాం” అన్నాడు.

ఆ మాటకి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మా అత్తగారు పోయి అప్పటికి తొమ్మిది నెలలు.

“తూర్పు గదిలో అటక, మూడో పెట్టె, పసుపుగుడ్డ మూట.” ఆవిడ కూర్చున్నచోటినించే చెప్పేవారు, వెతకబోయిన వాళ్ళు వట్టి చేతులతో వచ్చింది లేదు. పొలం దస్తావేజులు, పిల్లల జాతకాలు, ఎవరింటి పెళ్ళికి మనం ఏం పెట్టామో ఆ లెక్క, అన్నీ ఆ ఒక్క తలలోనే ఉండేవి. ఎవరైనా అడిగితే మామగారు మాత్రం, “మా ఆవిడ ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది” అనేవారు. ఆ ఏమీ కాని పనికి మా మరిది బ్యాంకులో మూడు షిఫ్టుల్లో మనుషులున్నారు.

ఆవిడ వెళ్ళాక ఇంట్లోంచి ఒక్క చెంచా కూడా పోలేదు. కానీ పొలం కాగితాలు కావలసివస్తే ముగ్గురం నాలుగు రోజులు అటకలు దింపాం. చివరికి దొరికాయి, బియ్యపు డబ్బా అడుగున. అక్కడెందుకు పెట్టారో చెప్పే మనిషి లేదు. ఇంకో మూటలో ఒక వెండి గిన్నె, చిన్నపిల్ల గౌను దొరికాయి. అవి ఎవరివో మామగారికీ తెలీదు. ఆ గౌను ఎవరు తొడుక్కున్నారో ఇక ఎప్పటికీ తెలియదు.

ఇప్పుడు మా అమ్మకి డెబ్బై రెండు. పోయినవారం వెళ్ళి ఒక లాంగ్‌బుక్కు కొనుక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను. “ఇవన్నీ రాసుకోవడం దేనికే, నేనున్నానుగా!” అంది అమ్మ. “ఉన్నావు గనకే రాసుకుంటున్నా” అన్నాను. మొదటి రోజు ఒక్క బీరువాయే అయింది. ప్రతి చీరకీ ఒక కథ చెబుతోంది మరి. మీ ఇంట్లో ఆ జాబితా ఎవరి తలలో ఉందో ఈ సాయంత్రం ఒక్కసారి చూసుకోండి. అది మీ తలలోనే ఉంటే, ఇంకాస్త త్వరగా రాయండి.